ఇప్పుడు పాప అన్నం తింటుందా?

(రేడియో ప్రసంగ పాఠము)

వాక్యభాగము: మార్కు సువార్త 5వ అధ్యాయము 21 నుండి 43 వచనములు

  ఏ ఆసుపత్రి మంచము ప్రక్కనో కూర్చుని, బిడ్డ ముఖములోకి చూస్తూ ఈ వర్తమానమును వింటున్న తల్లి ఎవరైనా ఉంటే, అమ్మా, ఈ వేళ మొదట మీతోనే మాట్లాడాలని నా ఆశ.

మనము చదువుకున్న వాక్యభాగములో యాయీరు అనే తండ్రి ఉన్నాడు. సమాజమందిరపు అధికారి, పదిమందిలో పేరున్నవాడు. పన్నెండేండ్ల కుమార్తె చావుబ్రతుకులలో ఉంది. ఆయన పరువు ప్రక్కన పెట్టి యేసుప్రభువు పాదాల మీద పడ్డాడు. ప్రభువు బయలుదేరాడు. కాని దారిలో ఏమి జరిగింది? పన్నెండేండ్లుగా రక్తస్రావముతో బాధపడుతున్న ఒక స్త్రీ వెనుకనుండి వచ్చి ఆయన వస్త్రమును ముట్టింది. ప్రభువు ఆగిపోయాడు. ఆమెతో మాట్లాడాడు. ఆమె తన కథంతా చెప్పుకునేవరకు నిలబడి విన్నాడు.

ప్రియులారా, ఆ కొద్ది నిమిషాలు యాయీరుకు ఎలా గడిచి ఉంటాయో ఎప్పుడైనా ఆలోచించారా? నా బిడ్డ పోతోంది, ఈయన ఇక్కడ ఇంకొకరి దగ్గర నిలబడ్డాడు. ఆయన మాటలాడుచుండగానే ఇంటినుండి కబురు వచ్చింది, అమ్మాయి చనిపోయిందని. అయినా యాయీరు నోటినుండి ఒక్క కోపపు మాట వచ్చినట్లు మార్కు వ్రాయలేదు.

నా నోటినుండి వచ్చింది. ఆ సంగతే ఈ వేళ మీతో చెప్పుకోవాలి.

2013 అక్టోబరు నెలలో మా చిన్న పాపకు డెంగ్యూ జ్వరము వచ్చింది. అప్పటికి దానికి ఆరేండ్లు. ఒక పెద్దాసుపత్రిలో పిల్లల జనరల్ వార్డులో చేర్చాము. వార్డు నిండిపోయి ఉంది, కొన్ని మంచాల మీద ఇద్దరేసి పిల్లలు. రాత్రి డ్యూటీకి ఒక్కరే సిస్టరు. అయిదవ రోజు ఉదయానికి పాప ఒళ్ళు చల్లబడింది, జ్వరము దిగిపోయింది. నా భార్య, నేను మోకరించి దేవుని స్తుతించాము. మరునాడు ఆదివారము. ఇంటికి తీసుకుపోయి మందిరములో కృతజ్ఞతార్పణ చెల్లించాలని అనుకున్నాము. మా సంఘపెద్ద ఒకాయన బొప్పాయి ఆకు రసము కూడా తెచ్చాడు.

అప్పుడు ఆ సిస్టరు వచ్చి పాప పాదాలు పట్టుకుని చూసింది. బొటనవ్రేలి గోరు నొక్కి వదిలి, ఎరుపు ఎంతసేపటికి తిరిగి వస్తుందో చూసింది. “సార్, ఇప్పుడు తీసుకువెళ్ళవద్దు. డెంగ్యూలో జ్వరము ఉన్న రోజులకంటే జ్వరము దిగిన ఒకటి రెండు రోజులే మాకు భయము. వాంతి అవుతున్న పిల్లకు ఆ రసము కూడా పెట్టకండి” అని చెప్పి డాక్టరుగారిని పిలిచింది. నాకు నచ్చలేదు. దేవుడు స్వస్థపరచాడని మేము అంటుంటే ఈమె భయము అంటుందేమిటి అనుకున్నాను. కాని ఆమె చెప్పినదే నిజము. రక్తనాళములలోని నీరు బయటికి ఊరిపోయి, బిడ్డ లోలోపల కుంగిపోయేది ఆ సమయములోనే. సాయంత్రానికి పాప కాళ్ళు చేతులు మంచుగడ్డలయ్యాయి. కడుపునొప్పి అని మూలిగింది. సెలైను పెంచారు.

ఆ రాత్రి రెండు గంటల వేళ సెలైను ఆగిపోయింది. సూది దగ్గర చెయ్యి ఉబ్బింది. నేను సిస్టరు బల్ల దగ్గరకు పరుగెత్తాను. అక్కడ ఎవరూ లేరు. “సిస్టర్! సిస్టర్!” అని పిలిచాను. మూల మంచము చుట్టూ అడ్డుతెర వేసి ఉంది, దాని వెనుకనుండి “వస్తున్నాను సార్” అన్న మాట వినబడింది. ఇరవై నిమిషాలు గడిచాయి. ఆ ఇరవై నిమిషాలలో నా మనస్సులో పుట్టిన మాటలు ఒక సేవకుని మనస్సులో పుట్టదగినవి కావు. చివరికి ఆమె వచ్చింది, చేతులు ఇంకా తడిగా ఉన్నాయి. “ఏమ్మా, ఎన్నిసార్లు పిలవాలి? జీతము తీసుకోవడము లేదా? నేను ఎవరో తెలుసా? రేపు సూపరింటెండెంటుగారికి కాగితము పెడతాను” అని వార్డంతా వినబడేలా కేకలు వేశాను.

ఆమె నాకు జవాబు చెప్పలేదు. ఉబ్బిన చేతినుండి సూది తీసింది. రెండవ చెయ్యి తడిమి తడిమి చూసింది. నీరు తగ్గిన పసిపిల్లలకు నరము దొరకదు. రెండవసారికి దొరికింది. మందుల పెట్టె అట్టముక్క చేతి క్రింద పెట్టి ప్లాస్టరు చుట్టింది. చుక్కలు లెక్కపెట్టింది. “చెయ్యి కదపకుండా చూడండి సార్” అని మాత్రము చెప్పి వెళ్ళిపోయింది.

తెల్లవారి కుళాయి దగ్గర ఆయమ్మ చెప్పింది. ఆ మూల మంచములో న్యుమోనియాతో వచ్చిన ఏడాదిన్నర బాబు ఉన్నాడు. అర్ధరాత్రి నుండి డ్యూటీ డాక్టరు, సిస్టరు కలిసి వాని కోసము పెనుగులాడారు. దక్కలేదు. డాక్టరు వేరొక కేసుకు వెళ్ళిపోతే, ఈమె వాని ముక్కులోని గొట్టాలు తీసి, గోరువెచ్చని నీళ్ళతో ఒళ్ళు తుడిచి, తల్లి తెచ్చుకున్న దుప్పటిలో చుట్టి ఆమె ఒడిలో పెట్టింది. కొంచెము సేపు ఆ తల్లి ప్రక్కన కూర్చుంది. తరువాత చేతులు కడుక్కుని నా దగ్గరకు వచ్చింది. నేను కేకలు వేసినది అప్పుడు.

నేను వెళ్ళి చూసేసరికి ఆమె డ్యూటీ దిగి వెళ్ళిపోయింది. అప్పుడైనా నా హృదయము విరగాలి కదా? విరగలేదు. పాప కోలుకుంది. ఇంటికి వచ్చాము. మరుసటి ఆదివారము నేను మందిరములో సాక్ష్యము చెప్పాను. ఏమని చెప్పానో వినండి. “ఆ వార్డులో మనుష్యులెవరూ పట్టించుకోకపోయినా, దేవుడు నా బిడ్డను పట్టించుకున్నాడు” అన్నాను. అందరూ హల్లెలూయ అన్నారు. నాకు సత్యము తెలుసు. తెలిసి కూడా, దేవునికి మహిమ చెల్లిస్తున్నానని చెప్పి ఒక ఆడబిడ్డ మీద అబద్ధ సాక్ష్యము పలికాను.

ఆరాధన అయిన తరువాత మా సంఘములోని ఒక ముసలి తల్లి నా దగ్గరకు వచ్చింది. ఆమె చాలాకాలము నర్సుగా పనిచేసి రిటైరైన మనిషి. నేను ఆమెకు ముందే జరిగినదంతా చెప్పి ఉన్నాను. ఆమె నన్ను గద్దించలేదు. “అయ్యగారూ, ఆ మూల మంచము బాబు తల్లి కోసము ఎవరైనా ప్రార్థన చేశారా?” అని మాత్రము అడిగింది. ఆ మాట నన్ను కోసివేసింది. ఆ వారమంతా నాకు నిద్ర లేదు.

ఆ తరువాత ఆ తల్లినే, మా సంఘములో పనిచేస్తున్న మిగిలిన నర్సు సహోదరీలను కూడా కూర్చోబెట్టి, అమ్మా, పిల్లల వార్డులో మీరు చేసే పని ఏమిటో నాకు చెప్పండి అని అడిగాను. వారు చెప్పినది మీకు కొంచెము చెబుతాను.

పెద్దవానికి మందు మాత్రలలో లెక్క. పసిపిల్లకు మందు బరువును బట్టి, కిలోకు ఇంత అని లెక్క. చుక్క ఒక్క స్థానము ప్రక్కకు జరిగితే మందు పదిరెట్లు అవుతుంది. అందుకే మంచి నర్సు లెక్కను మరొకరికి చూపించి గాని సూది ఎక్కించదు. పిల్లల సెలైను సెట్టులో అరవై చుక్కలు కలిస్తే ఒక్క మిల్లీలీటరు. పెద్దవారి సెట్టులో మామూలుగా ఇరవై చుక్కలకే అంత అవుతుంది. పసివాని గుండెకు నీరు తక్కువైనా ప్రమాదమే, ఎక్కువైనా ప్రమాదమే. కాబట్టి ఆమె గడియారము చూస్తూ చుక్కలు లెక్కపెడుతుంది. మనము ఆమె ఊరకే నిలబడి ఉందనుకుంటాము.

బిడ్డ ఊపిరిని ఆమె పూర్తిగా ఒక నిమిషము లెక్కపెడుతుంది. రెండు నెలలు దాటి ఏడాది లోపు పసివాడు నిమిషానికి యాభైసార్లు, ఏడాది దాటి అయిదేండ్ల లోపు బిడ్డ నలభైసార్లు, లేక అంతకు మించి ఊపిరి తీస్తుంటే దానిని వేగమైన ఊపిరిగా లెక్కిస్తారు. దగ్గుతో వచ్చిన బిడ్డలో అది న్యుమోనియా గుర్తు. ఐ.సి.యు.లో అయితే మిషన్లు మ్రోగి చెబుతాయి. జనరల్ వార్డులో మ్రోగేదేమీ లేదు. ఆమె కళ్ళే మిషన్లు. ఏడ్చే బిడ్డను చూసి మనము భయపడతాము. ఏడుపు మానివేసి గోడవైపు తిరిగిన బిడ్డను చూసి ఆమె భయపడుతుంది. పెద్దవారు కొద్దికొద్దిగా క్షీణిస్తారు. పిల్లలు చాలాసేపు తట్టుకుని, తట్టుకుని, ఒక్కసారిగా కూలిపోతారు. ఆ కూలిపోవడానికి ముందు గంటను కనిపెట్టడమే ఆమె పని.

ఇంకొక సంగతి. పూర్వము ఇంగ్లాండు వంటి దేశాలలో బిడ్డను ఆసుపత్రిలో చేర్చితే తల్లిదండ్రులను లోపలికి రానిచ్చేవారు కారు, వారానికి కొద్ది గంటలు మాత్రమే చూడనిచ్చేవారు. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన, ఆసుపత్రిలో తల్లికి దూరమైన రెండేండ్ల పాపను సినిమా తీసి చూపించాడు. 1959లో ప్లాట్ నివేదిక అనే ప్రభుత్వ నివేదిక తల్లిదండ్రులను రానివ్వాలని చెప్పింది. మన దేశములో తల్లి మొదటినుండి మంచము ప్రక్కనే ఉంది, చాపమీదో నేలమీదో. మరి మన తల్లిని, నర్సును దేవుడు ఒకే మంచానికి రెండు ప్రక్కల పెట్టాడు. వారిద్దరు ఒకరిపై ఒకరు కేకలు వేసుకుంటే ఆ బిడ్డకు ఎవరు మిగులుతారు?

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలములో శరణార్థుల శిబిరాలలో కలరా వచ్చింది. సెలైను సీసాలు అయిపోయాయి, చూసే చేతులు చాలలేదు. దిలీప్ మహలనబీస్ అనే డాక్టరుగారు పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్ దగ్గర ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ములలో పెట్టించి, బంధువుల చేతనే రోగులకు త్రాగించాడు. వేలమంది బ్రతికారు. ఈ రోజు మన ఇండ్లలో ఉన్న ఓ.ఆర్.ఎస్. పాకెట్టు వెనుక ఆ కథ ఉంది. నర్సు చెయ్యి, తల్లి చెయ్యి కలిస్తే మరణము వెనుకకు జరుగుతుంది.

ప్రియులారా, ఈ పనికీ మన సంఘాలకూ పాత బంధమున్నది. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ దొరసానిగారు గుంటూరుకు వచ్చారు, 1898లో అక్కడ స్త్రీలకు పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. వెల్లూరులో డాక్టర్ ఐడా స్కడ్డర్ దొరసానిగారు 1909లో నర్సుల శిక్షణ ప్రారంభించారు. పరాయివారి మలమూత్రాలు ఎత్తే పని అని ఆ రోజులలో అనేక కుటుంబాలు ఆడపిల్లలను పంపడానికి వెనుకాడాయి. అప్పుడు మన పల్లెల సంఘాలలోని ఆడపిల్లలు తెల్లచీర కట్టుకుని ముందుకు వచ్చారు. అలాంటి తల్లుల మనుమరాళ్ళు నేడు కూడా వార్డులలో ఉన్నారు. వారిలో ఒకతెమీద నేను కేకలు వేశానేమో నాకు తెలియదు.

పరిశుద్ధ గ్రంథము అనేకమంది రాజుల సమాధులను ఒక్క మాటలో దాటిపోతుంది. కాని ఆదికాండము 35వ అధ్యాయము 8వ వచనము చూడండి. రిబ్కాను పెంచిన దాది దెబోరా చనిపోతే బేతేలు దగ్గర ఒక చెట్టు క్రింద పాతిపెట్టారు. ఆ చెట్టుకు ఏడ్పును బట్టి పేరు పెట్టారు. పసిపిల్లను ఎత్తుకుని పెంచిన పనిమనిషి కోసము యాకోబు ఇంటివారు ఏడ్చారు, ఆ ఏడ్పును దేవుడు తన గ్రంథములో వ్రాయించాడు. మనుష్యులు మరచిపోయే చేతులను దేవుడు మరచిపోడు.

ఇప్పుడు నా కథ చివరి భాగము. రెండు వారాల తరువాత నేను ఆ ఆసుపత్రికి వెళ్ళాను. ఆమె మధ్యాహ్నము డ్యూటీలో ఉంది. చేతులు జోడించి, “అమ్మా, ఆ రాత్రి మీమీద కేకలు వేసినవాడిని, నన్ను క్షమించండి” అన్నాను. ఆమె నా ముఖము వైపు తేరిపార చూసింది. “ఏ రాత్రి సార్?” అంది. ఆమెకు గుర్తులేదు. అలాంటి కేకలు ఆమె ఎన్ని విన్నదో! “డెంగ్యూ పాపా? కిటికీ ప్రక్క మంచమా?” అని తానే గుర్తు చేసుకుంది. ముఖము వెలిగింది. “ఇప్పుడు పాప అన్నం తింటుందా సార్?” అని అడిగింది.

తింటుందమ్మా అన్నాను. ఇక మాట రాలేదు. కొంచెము ఆగి ఆ మూల మంచము బాబు సంగతి ఎత్తాను. ఆమె తల త్రిప్పుకుని, “వాని పేరు గుర్తుంది సార్” అని మాత్రము చెప్పి, మందుల ట్రాలీ తోసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి ఈ 5వ అధ్యాయము మరల తెరిచాను. ఎన్నోసార్లు ప్రసంగించిన అధ్యాయము. చివరి వచనమును ఎన్నడూ నిలిచి చదవలేదు. చనిపోయిన పాప లేచి నడిచింది, చూసినవారు విస్మయమొందారు. ఆ ఆశ్చర్యములో అందరూ మరచిపోయిన ఒక సంగతి ప్రభువుకు గుర్తుంది. పాపకు తినడానికి ఏమైనా పెట్టమని చెప్పాడు. మరణమును జయించిన ప్రభువు పాప ఆకలిని మరచిపోలేదు. ఆ వార్డులో తెల్లబట్టలు కట్టుకుని నిలబడిన ఆమె నోట నేను విన్నది నా ప్రభువు అడిగిన ప్రశ్నే.

మరుసటి ఆదివారము అదే ప్రసంగపీఠము మీదనుండి, గతములో నేను చెప్పిన సాక్ష్యములో అబద్ధమున్నదని ఒప్పుకున్నాను. హల్లెలూయ అన్నవారు ఎవరూ లేరు. కాని మా సంఘములోని నర్సు సహోదరీలు ఇద్దరు వెనుక వరుసలో కూర్చుని కన్నీళ్ళు తుడుచుకోవడము చూశాను.

నా ప్రియ సహోదరీ, సహోదరుడా, మీరు రోగియైన బిడ్డను చూడడానికి వెళ్ళినప్పుడు గుంపుగా వెళ్ళకండి. ఇద్దరు వెళ్ళండి. చేతులు కడుక్కోండి. మెల్లగా ప్రార్థించండి, ప్రక్క మంచము బిడ్డ కోసము కూడా ప్రార్థించండి. నర్సును అడగకుండా ఏదీ తినిపించకండి, త్రాగించకండి. విశ్వాసముంటే మందులు మానివేయుడని ఎవరికీ చెప్పకండి. ఎవరి పాపమువలన ఈ బిడ్డకు ఇలా అయిందని అడగకండి. యోహాను 9వ అధ్యాయములో శిష్యులు అలాగే అడిగితే ప్రభువు ఆ ప్రశ్ననే త్రోసివేశాడు. వచ్చేటప్పుడు నర్సు పేరు తెలుసుకుని, పేరుపెట్టి కృతజ్ఞత చెప్పండి. ఎక్కడైనా నిజముగా నిర్లక్ష్యము జరిగితే అడగవలసినదే, అయితే తెర వెనుక ఏమి జరుగుతుందో తెలుసుకున్న తరువాత అడగండి.

సంఘపెద్దలారా, ఆదివారము డ్యూటీలో ఉన్న నర్సును మందిరానికి రావడము లేదని విమర్శించకండి. ఆమె రాత్రి డ్యూటీ దిగి వచ్చిన రోజున ఆమె ఇంటికి వెళ్ళి ప్రార్థించండి. ఆమె వంతు బల్ల ఆమెకు అందేలా చూడండి.

నర్సు పని చేస్తున్న నా సహోదరీ, నీ చేతులలో పోయిన పిల్లల పేర్లు నీకు గుర్తున్నాయి. ఇంకొక పది నిమిషాల ముందు చూసి ఉంటే అని రాత్రులు నిద్ర పట్టడము లేదు. ఇంటికి వెళ్ళి నీ పిల్లలకు అన్నము పెడుతుంటే ఆ ముఖము గుర్తుకు వస్తుంది. లాజరు సమాధి దగ్గర కన్నీరు విడిచిన ప్రభువు నీ కన్నీటిని బలహీనత అనడు. ఆ భారము ఒంటరిగా మోయకు. తోటి నర్సుతో చెప్పుకో, ప్రభువుతో చెప్పుకో.

చివరిగా, మూల మంచము తల్లీ. యాయీరు కుమార్తె లేచింది. నీ బాబు లేవలేదు. మా సాక్ష్యములు వినినప్పుడెల్లా, నా ప్రార్థనలో లోపమేమిటి అని నిన్ను నీవు పొడుచుకుంటున్నావు. అమ్మా, నీ విశ్వాసము తక్కువై కాదు. నా విశ్వాసము ఎక్కువై నా బిడ్డ బ్రతకలేదు, ఆ రాత్రి నాలో ఎంత విశ్వాసముందో ఇప్పుడే విన్నావు. దావీదు రాజు ఏడు దినములు ఉపవాసముండి నేలపై పడియుండి ప్రార్థించినా బిడ్డ దక్కలేదు. వాడు నాయొద్దకు రాడు గాని నేను వానియొద్దకు వెళ్ళుదును అనే నిరీక్షణతో ఆయన లేచాడు. నీ బాబు ఒళ్ళు తుడిచి నీ ఒడిలో పెట్టిన ఆ చేతులను చూడు. ఆ రాత్రి దేవుడు నిన్ను విడిచి ఎక్కడికీ పోలేదు, నీ ప్రక్కనే కూర్చున్నాడు.

ప్రార్థించుకుందాము.

కృపగల మా తండ్రీ, ఈ రాత్రి వార్డులలో మేలుకొని ఉన్న నీ బిడ్డలను జ్ఞాపకము చేసుకొనుము. చుక్కలు లెక్కించు కన్నులను బలపరచుము, పసి నరము వెదకు వ్రేళ్ళను నడిపించుము. రోగులైన పసివారిని ముట్టుము. ఒడి ఖాళీయైన తల్లులను విడువకుము. తొందరపడి పలికిన మా మాటలను క్షమించుము. తెర వెనుక ఏమి జరుగుచున్నదో చూచువాడవు నీవే గనుక, మేము తీర్పు తీర్చక కనిపెట్టుటకు మాకు నేర్పుము. పాపకు భోజనము పెట్టుమని చెప్పిన యేసుక్రీస్తు ప్రభువు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.